కిరాయి పట్టికలో మన ఊరెక్కడ?

"అక్కా, మా ఊరేమన్నా అడవిల ఉన్నదా?"

ఆర్మూరులో నేను పనిచేసే పార్సిల్ ఆఫీసు కిటికీ ముందు నిలబడి ఒకామె నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆమెది బాల్కొండ వైపు ఒక పల్లె. అక్కడి మహిళా సంఘంలో సభ్యురాలు. పది మంది ఆడవాళ్ళు కలిసి పసుపు కొమ్ములు కొని, గిర్నీలో పట్టించి, పాకెట్లు కట్టి హైదరాబాదులో ఒక దుకాణానికి పంపుతారు. ఆ రోజు నలభై కిలోల పెట్టెను బస్సు మీద వేసుకుని తానే ఆర్మూరు దాకా తెచ్చింది. నేను కంప్యూటర్‌లో పేరు, ఊరు, బరువు కొట్టాను. కిరాయి వచ్చింది. అది చూసి ఆమె మొహం మారింది.

"నిజామాబాద్‌ల మా ఆడబిడ్డ వాళ్ళ సంఘం గింతే బరువు పంపిండ్రు. వాళ్ళకు తక్కువనే పడ్డది. మాకెందుకు ఒకటికి ఒకటిన్నర?"

నా దగ్గర జవాబు లేదు. "కంప్యూటర్ అట్లనే చూపిస్తున్నదమ్మా" అన్నాను. అప్పుడు అడిగింది, వాళ్ళ ఊరు అడవిలో ఉందా అని.

ఆమె డబ్బు కట్టి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ సాయంత్రం అన్నం సహించలేదు. కారణం చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. ఆ కంప్యూటర్‌లో ఊళ్ళ వారీగా కిరాయి పట్టిక నింపింది మరెవరో కాదు, నేనే.

ఇదేదో లారీల వాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోకండి. మీరు ఆన్‌లైన్‌లో చీర తెప్పించుకున్నా, అమెరికాలో ఉన్న కూతురికి ఊరగాయ పంపినా, సంఘం తరఫున పసుపు పొడి అమ్మినా మీ ఊరి పేరు ఎక్కడో ఒక పట్టికలో ఒక వరుసలో ఉంటుంది. ఆ వరుసలో ఉన్న అంకే మీ జేబుకు చేరుతుంది. వరుస లేకపోతే? అదే అసలు కథ.

పట్టిక లోపల ఏముంటుంది?

కంప్యూటర్లు రాకముందు కిరాయి ఎలా చెప్పేవారో మా ఆఫీసులో పెద్దవాళ్ళు చెబుతారు. గుమస్తా బస్తాను చూసేవాడు, ఊరి పేరు వినేవాడు, మనిషిని కూడా చూసేవాడు. నోటికొచ్చిన రేటు చెప్పేవాడు. తెలిసినవాళ్ళకు ఒకటి, తెలియనివాళ్ళకు ఒకటి. బేరం ఆడగలిగితే తగ్గేది. ఆడది ఒంటరిగా వస్తే తగ్గేది కాదు.

అందుకే సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు నేను సంతోషించాను. ఎవరు వచ్చినా ఒకటే రేటు, మొహం చూడనక్కర లేదు కదా అనుకున్నాను. సగం నిజమే. కంప్యూటర్ మొహం చూడదు. కానీ ఊరిని చూస్తుంది.

దాని పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ఒక పెద్ద పట్టిక. ఒక గడిలో సరుకు బయలుదేరే చోటు, పక్క గడిలో చేరే చోటు, ఆ పక్కన ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల వరకు, ఆ తర్వాత కిలోకు ఎంత, చివరికి ఎంత తక్కువ బరువైనా కట్టాల్సిన కనీస కిరాయి. మనం ఊరు, బరువు కొట్టగానే కంప్యూటర్ ఆ పట్టికలో వెతుకుతుంది. ముందు పిన్ కోడ్ సరిపోయిందా అని చూస్తుంది. లేకపోతే ఊరి పేరు, అదీ లేకపోతే జిల్లా, ఆ తర్వాత రాష్ట్రం. మొదట ఏ వరుస కుదిరితే ఆ రేటు వేస్తుంది. ఏదీ కుదరకపోతే అన్నిటికన్నా కింద "ఇతర ప్రాంతాలు" అని ఒక వరుస పెట్టి ఉంచుతాం. ఆ వరుసలో రేటు ఎప్పుడూ ఎక్కువే. తెలియని చోటికి నష్టం రాకూడదని వ్యాపారి జాగ్రత్త అది.

అందరూ ఒకే పద్ధతి పాటించరు. కొందరు కిలోమీటర్ల లెక్కన వేస్తారు. కొందరు దేశాన్ని మండలాలుగా విడగొట్టి, ఒకే నగరం, ఒకే రాష్ట్రం, పెద్ద నగరాల మధ్య, మిగతా దేశం అని మెట్లు పెడతారు. కొండ ప్రాంతాలు, ఈశాన్య రాష్ట్రాలు చివరి మెట్టు. మా వంటి చిన్న ఆఫీసుల్లో ఊరికీ ఊరికీ మధ్య విడిగా రేటు రాసుకుంటాం. ఏ పద్ధతి అయినా చివరికి ఒక మనిషి కూర్చుని గడులు నింపాల్సిందే.

మాకు ఖాళీ పట్టిక నగరం నుంచి వచ్చింది. అందులో జిల్లా కేంద్రాల పేర్లు మాత్రమే ఉన్నాయి. నిజామాబాద్ ఉంది. ఆర్మూరును నేను చేర్చాను. బాల్కొండ, వేల్పూరు, మోర్తాడ్, భీమ్‌గల్ వైపు పల్లెలను చేర్చలేదు. పని ఒత్తిడి. "తర్వాత చూద్దాం" అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆ పల్లెలన్నీ "ఇతర ప్రాంతాలు" వరుసలోకి జారిపోయాయి.

రెండో పొరపాటు ఇంకా చిత్రమైనది. సరుకు బయలుదేరే చోటు అంటే ఏమిటి? పెట్టె మా కిటికీ దగ్గరికి వచ్చింది ఆర్మూరులో. లారీ ఎక్కింది ఆర్మూరులో. కానీ సాఫ్ట్‌వేర్‌లో నేను "పంపేవారి చిరునామా" అన్న గడిని ఎంచాను. దాంతో ఆమె పెట్టెను తానే మోసుకొచ్చినా, మా బండి ఆమె పల్లెకు వెళ్ళి ఎత్తుకొచ్చినట్టు లెక్క పడింది. బస్సు టికెట్ ఆమే కొంది, పల్లె నుంచి తెచ్చిన కిరాయీ ఆమే కట్టింది.

ఇది ఎంత నష్టం? లెక్క సులువు కోసం గుండు అంకెలు అనుకుందాం. నిజామాబాద్ నుంచి హైదరాబాదుకు కిలోకు 4 రూపాయలు, ఇతర ప్రాంతాల నుంచి 6 రూపాయలు. నలభై కిలోలకు తేడా 80 రూపాయలు. చిన్న మొత్తమే అనిపిస్తుంది. కానీ పొడి మీద సంఘానికి కిలోకు 10 రూపాయలు మిగులుతుందనుకోండి. మొత్తం మిగులు 400. అందులో 80 అంటే ఐదో వంతు. పది మంది ఆడవాళ్ళు ఎండలో కొమ్ములు ఏరి, పొడి జల్లించి, పాకెట్లకు అంటించి సంపాదించిన దాంట్లో ఐదో వంతును నేను నింపకుండా వదిలేసిన ఒక గడి తినేసింది.

జిల్లాలు మారాయి, పట్టిక మారలేదు

తప్పు నా ఒక్కదానిదే అయితే ఈ వ్యాసం రాయనక్కర లేదు. సరిచేసుకుని ఊరుకుందును. కానీ పట్టికను ముందు నుంచి వెనక్కి తిరగేస్తే ఇంకా చాలా కనిపించాయి.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్ఫై ఒకటి అయ్యాయి. 2019లో ముప్ఫై మూడు అయ్యాయి. ఉమ్మడి నిజామాబాద్ నుంచి కామారెడ్డి వేరు పడింది. మా పక్కనే ఉన్న మెట్‌పల్లి ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల. గోదావరి అవతల నిర్మల్ ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో భాగం, ఇప్పుడు తనే ఒక జిల్లా. పాత పట్టికలో నిర్మల్‌కు సరుకు పంపితే ఆదిలాబాద్ రేటు పడుతుంది. ఆదిలాబాద్ పట్టణం నిర్మల్ దాటి ఇంకా ఎంతో ముందుకు పోతే గానీ రాదు. అంటే ఎప్పుడో గీసిన జిల్లా గీత ఇవాళ మన పెట్టె మీద కిరాయి వేస్తోంది.

దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది. "జిల్లా లోపల తక్కువ రేటు" అన్న నియమం పెట్టుకున్న చోట కామారెడ్డి నిన్నటిదాకా లోపల ఉండేది. కొత్త జిల్లాల జాబితా ఎక్కించగానే అది బయటి జిల్లా అయింది. రోడ్డు ఒక్క అడుగు కూడా పొడుగు కాలేదు. రేటు మాత్రం పెరిగింది.

పిన్ కోడ్ తపాలావారి పటం

అయితే పిన్ కోడ్‌తో లెక్క వేస్తే సరిపోదా అంటారు. చాలా కంపెనీలు అదే చేస్తాయి. పిన్ కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆరు అంకెలు. మొదటి అంకె 5 అయితే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో ఏదో ఒకటి. మొదటి మూడు అంకెలు 503 అయితే నిజామాబాద్ ప్రాంతం. చివరి మూడు అంకెలు ఉత్తరం బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని చెబుతాయి. ఆర్మూరుది 503224.

ఇది ఉత్తరాలు వేరు చేయడానికి పుట్టిన పద్ధతి. ఒకే పిన్ కింద అనేక పల్లెలు ఉంటాయి. జాతీయ రహదారి పక్కన ఉన్న ఊరూ, మట్టి రోడ్డు మీద లోపలికి పోవాల్సిన ఊరూ ఒకే అంకె కింద ఉండవచ్చు. కంప్యూటర్‌కు రెండూ ఒకటే. రోడ్డు ఎక్కడుందో, వాగు ఎక్కడ అడ్డమో పిన్ కోడ్‌కు తెలియదు.

ప్రభుత్వం కూడా ఈ అంకె మీదే దూరం కొలుస్తోంది. యాభై వేల రూపాయల విలువ దాటిన సరుకును పంపాలంటే ఈ-వే బిల్లు కావాలి. రాష్ట్రాల మధ్య రవాణాకు ఇది 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో రెండు చోట్ల పిన్ కోడ్‌లు కొడితే దూరం దానంతటదే వస్తుంది. మామూలు లారీకి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. 2021 జనవరికి ముందు 100 కిలోమీటర్లకే ఒక రోజు ఉండేది.

పిన్ కోడ్ కొరత తపాలా శాఖకూ తెలుసు. అందుకే 2025లో డిజిపిన్ అనే కొత్త చిరునామా పద్ధతిని తెచ్చింది. హైదరాబాద్ ఐఐటీ, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి ఇందులో పనిచేశాయి. దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరానికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు. మీ ఇంటి వాకిలికి ఒకటి, పెరటికి ఒకటి అన్నమాట. కిరాయి పట్టికలు దీన్ని వాడుకుంటే పల్లెకూ పల్లెకూ తేడా తెలుస్తుంది. అయితే చదరం ఎంత చిన్నదైనా దాని ఎదురుగా రేటు రాసేది మనిషే. ఆ మనిషి "తర్వాత చూద్దాం" అనుకుంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

పోయే లారీ, వచ్చే లారీ

ఆర్మూరు మారుమూల ఊరు కాదు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ జాతీయ రహదారి మా ఊరి మీదుగా పోతుంది. నిజామాబాద్ నుంచి జగిత్యాల, మంచిర్యాల వైపు పోయే 63వ జాతీయ రహదారి ఇక్కడే దాన్ని దాటుతుంది. 2017లో పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం పూర్తయ్యాక రైలూ వచ్చింది. ఇన్ని దారులున్న ఊరు పట్టికలో ఎక్కడో అడుగున ఉంటే అది భూగోళం తప్పు కాదు.

పట్టిక నింపేటప్పుడు నాకు అర్థమైన మరో సంగతి చెబుతాను. ఆర్మూరు నుంచి హైదరాబాదుకు ఎంతో, హైదరాబాదు నుంచి ఆర్మూరుకూ అంతే కదా అనుకుని నేను మొదట రెండు వరుసల్లో ఒకే అంకె వేశాను. మా డ్రైవర్లు నవ్వారు. జనవరి నుంచి పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు, ఆరబెట్టడాలు. ఆ తర్వాత బస్తాలు బయటికి పోయే కాలం. అప్పుడు లారీ దొరకడమే కష్టం, కిరాయి ఎక్కువ. అదే లారీ దించి తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా వస్తే డీజిల్ దండగ. అందుకే తిరుగు లోడు తక్కువకే ఎత్తుకొస్తారు. కాబట్టి పోయేదానికి ఒక రేటు, వచ్చేదానికి మరో రేటు, పసుపు కాలానికి ఒకటి, వానాకాలానికి ఒకటి ఉండాలి.

ఈ సంగతి తెలిస్తే చిన్న సంఘాలకు ఎంత లాభమో చూడండి. పసుపు పొడి చెడిపోయే సరుకు కాదు. బస్తాలు జోరుగా పోయే వారాల్లో పంపడం కంటే కాస్త ఆగి పంపితే కిరాయి తగ్గవచ్చు. సీసాలు, పాకెట్ కవర్లు, అట్టపెట్టెలు హైదరాబాదు నుంచి తెప్పించుకునేటప్పుడు తిరుగు లారీ రేటు అడగవచ్చు. అడిగితేనే చెబుతారు.

పెద్ద రైతుల లెక్కా ఇదే. ఇక్కడి పసుపు ఎక్కువగా నిజామాబాద్ యార్డుకు పోతుంది. ధర బాగుంటే మహారాష్ట్రలోని సాంగ్లీకి కూడా తీసుకుపోతారు. అక్కడ క్వింటాలుకు 800 ఎక్కువ వస్తుందనుకోండి. కిరాయి, హమాలీ, ఇతర ఖర్చులు 500 అయితే 300 మిగులు. కిరాయి పట్టికలో పొరపాటున ఇంకో 250 పడితే మిగిలేది 50. అంత దూరం పోయి, రెండు రోజులు యార్డులో పడుకుని, యాభై రూపాయలకా? అప్పుడు రైతు ఇక్కడే, ఎంతిస్తే అంతకు అమ్ముకుంటాడు. అంటే కిరాయి అంకె ఒక్క రవాణాకే సంబంధించింది కాదు. ఏ మార్కెట్‌కు పోవాలో, పోకూడదో నిర్ణయించేది అదే.

దూరం ఖర్చు ఎవరి నెత్తిన?

ఇంత గొడవ ఎందుకు, దేశమంతటా ఒకటే రేటు పెట్టవచ్చు కదా అని మా అమ్మాయి అడిగింది. అలా చేసిన సందర్భాలూ ఉన్నాయి.

మన దేశంలో 1854లో తపాలా చట్టం వచ్చినప్పుడు ఉత్తరానికి దూరంతో పని లేకుండా బరువును బట్టి ఒకటే ఛార్జీ పెట్టారు. అంతకు ముందు దూరం పెరిగే కొద్దీ ఛార్జీ పెరిగేది. ఒకే రేటు వచ్చాక పేదవాళ్ళు కూడా దూరాన ఉన్న బిడ్డలకు ఉత్తరం రాయగలిగారు. ఇది మంచి ఫలితం.

మరో ఉదాహరణ ఇనుముది. 1950ల నుంచి 1990ల తొలినాళ్ళ దాకా కేంద్ర ప్రభుత్వం ఉక్కు వంటి సరుకులకు రవాణా ఖర్చును సమానం చేసింది. గని పక్కన ఉన్నవాడికీ, వెయ్యి మైళ్ళ దూరాన ఉన్నవాడికీ ఉక్కు ఒకటే ధరకు దొరికేది. దూరపు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలు వచ్చాయి. గనులున్న బీహార్, బెంగాల్, ఒడిశాలు మాత్రం తమ దగ్గరున్న ఒక్క సదుపాయం పోయిందని ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నాయి. అందరికీ సమానం అన్న మాట వినడానికి బాగుంది. అయినా ఎవరో ఒకరు నష్టపోయారు.

ఇవాళ తపాలా శాఖ రెండు పద్ధతులనూ కలిపి వాడుతోంది. 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్ట్ కవరు స్థానికంగా అయితే 19 రూపాయలు, దేశంలో మరెక్కడికైనా 47 రూపాయలు, పన్ను అదనం. బరువు పెరిగితే మాత్రం 200, 500, 1000, 2000 కిలోమీటర్ల మెట్లు వస్తాయి. తేలిక కవరుకు దూరాన్ని అందరూ కలిసి పంచుకుంటారు, బరువైన పెట్టెకు ఎవరి దూరం వారిదే. అందులో ఒక ఆలోచన ఉంది. పట్టిక అందరికీ కనబడేలా ఉంది కాబట్టి దాన్ని విమర్శించవచ్చు కూడా.

ఇక్కడ గ్రహించాల్సింది ఒకటే. దూరం ఖర్చు ఎప్పుడూ మాయం కాదు. ఎవరి నెత్తిన పడుతుందన్నదే ప్రశ్న. "ఉచిత డెలివరీ" అని కనిపించినప్పుడు కూడా ఆ ఖర్చు సరుకు ధరలోనో, అమ్మిన చిన్న వ్యాపారి కమిషన్‌లోనో దాక్కుని ఉంటుంది. నగరంలో ఉన్నవాళ్ళకు ఉచితం అనిపించే ప్రతి పెట్టె వెనక, ఎక్కడో ఒక సంఘం తన మిగులు తగ్గించుకుని ఉండవచ్చు.

బోర్డు వచ్చింది, మరి పెట్టె?

పసుపు గురించి మా జిల్లాలో జరిగిన పోరాటం దేశమంతా చూసింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. వారిలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలి, గిట్టుబాటు ధర కావాలి అన్నది వాళ్ళ గోడు. 2023 అక్టోబరు 1న ప్రధాని మహబూబ్‌నగర్ సభలో జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. 2025 జనవరి 14న సంక్రాంతి నాడు బోర్డు ప్రారంభమైంది. అదే ఏడాది జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు.

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2023–24లో దేశంలో 3.05 లక్షల హెక్టార్లలో పసుపు వేశారు. 10.74 లక్షల టన్నులు పండింది. 1.62 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు ఎగుమతి అయ్యాయి. వాటి విలువ 22.65 కోట్ల డాలర్లు. 2030 నాటికి దీన్ని వంద కోట్ల డాలర్లకు చేర్చాలన్నది లక్ష్యం.

లక్ష్యం పెద్దది, సంతోషమే. ఆ లక్ష్యం కొమ్ములు బస్తాల్లో పోతే నెరవేరదు. పొడిగా, పాకెట్లుగా, తయారు సరుకుగా పోవాలి. ఆ పని చేస్తున్నది ఎక్కువగా ఆడవాళ్ళు. విత్తనం నాటడం దగ్గర నుంచి కొమ్ము విరవడం, ఏరడం దాకా పొలంలోనూ వాళ్ళే. కానీ వాళ్ళ సరుకు లారీ నిండా ఉండదు. నలభై కిలోలు, అరవై కిలోలు. లారీ నిండా పంపే వ్యాపారి కిరాయి మాట్లాడుకుంటాడు. చిన్న పెట్టెకు పట్టికలో ఉన్నదే వేదం.

ఇంకో సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ పరిమితి లోపు వ్యాపారం చేసే చిన్నవాళ్ళు రిజిస్ట్రేషన్ లేకుండానే ఆన్‌లైన్ వేదికల మీద సరుకు అమ్ముకోవచ్చు. అయితే సొంత రాష్ట్రం లోపలే. అంటే మా సంఘాలకు తెలంగాణ లోపలి కిరాయే ప్రాణం. ఆ రేటులోనే పల్లెకు ఒక దండన, పట్నానికి ఒక దయ ఉంటే, ఇచ్చిన వెసులుబాటు కాగితం మీదే మిగిలిపోతుంది.

కాబట్టి నాకు తోచిన మాట చెబుతాను. సంఘాలను చూసుకునే సెర్ప్, పసుపు బోర్డు కలిసి కూర్చుని సంఘాలన్నిటి తరఫున రవాణావారితో ఒక ఉమ్మడి రేటు మాట్లాడాలి. ఒక్కో సంఘం నలభై కిలోలే పంపుతుంది. యాభై సంఘాలు కలిస్తే రెండు టన్నులు. అప్పుడు బేరం మన చేతిలో ఉంటుంది. ఆర్టీసీ 2020 జూన్ నుంచి కార్గో సేవ నడుపుతోంది. బస్సు ఎలాగూ పల్లెల నుంచి వస్తుంది. ఆ బస్సులోనే పెట్టె వస్తే పల్లె నుంచి ఆర్మూరు దాకా ఆమె మోసుకొచ్చే బాధ తప్పుతుంది. ఇక రేటు పట్టిక, అది ఎవరిదైనా సరే, కౌంటర్ దగ్గర తెలుగులో గోడకు అంటించాలి. కంప్యూటర్ లోపల ఉన్న రేటును ఎవరూ ప్రశ్నించలేరు. గోడ మీద ఉంటే పదో తరగతి చదివిన పిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది.

కిటికీ దగ్గర ఏం అడగాలి?

సంఘం తరఫున గానీ, ఇంటి నుంచి గానీ సరుకు పంపే చెల్లెళ్ళు ఈ ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, "నా సరుకు ఎక్కడి నుంచి బయలుదేరినట్టు లెక్క వేశారు?" మీరే ఆఫీసుకు తెచ్చి ఇస్తే బయలుదేరే చోటు ఆ ఆఫీసే కావాలి. మీ ఊరు కాదు.

రెండోది, "మా ఊరు పట్టికలో పేరుతో ఉందా, ఇతర ప్రాంతాల కింద పడిందా?" పేరు లేకపోతే చేర్చమనండి. అది రెండు నిమిషాల పని. నేను చేస్తాను కాబట్టి చెబుతున్నాను.

మూడోది, "బరువు తూచి వేశారా, కొలిచి వేశారా?" చాలామంది పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. అసలు బరువు, ఈ లెక్క బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టె లెక్కలో 6 కిలోలు అవుతుంది. అందులో రెండు కిలోల అప్పడాలు పెట్టి పంపితే గాలికి కూడా కిరాయి కట్టినట్టే. సరిపడా చిన్న పెట్టె వాడండి.

నాలుగోది, "కనీస కిరాయి ఎన్ని కిలోల దాకా?" పది కిలోల దాకా ఒకటే కిరాయి అయితే నాలుగు కిలోలు రెండు సార్లు పంపడం కంటే ఎనిమిది కిలోలు ఒకసారి పంపడం మేలు.

ఐదోది, ఇంటి దాకా చేర్చడానికి ఎంత, గోడౌన్ దగ్గర తీసుకుంటే ఎంత అని విడివిడిగా అడగండి. హమాలీ, బిల్టీ ఖర్చులు కిరాయిలో కలిసే ఉన్నాయా అని కూడా అడగండి. జవాబు రశీదు మీద రాయించుకోండి.

అడగడానికి మొహమాటపడకండి. కూరగాయల దగ్గర రూపాయికి బేరమాడే మనం, కంప్యూటర్ చూపించిన అంకె ముందు నోరు మూసుకుంటాం. అది లెక్క చేసే యంత్రమే గానీ లెక్క పెట్టినది మన వంటి మనిషే.

ఆ రోజు తర్వాత రెండు రాత్రులు కూర్చుని మా చుట్టుపక్కల మండలాల పల్లెలన్నిటినీ ఒక్కొక్కటిగా పట్టికలో ఎక్కించాను. బయలుదేరే చోటు గడిని మార్చాను. సేటును అడిగితే మొదట "అన్ని వరుసలెందుకమ్మా?" అన్నాడు. పల్లె సంఘాలు విసిగి మరొకరి దగ్గరికి పోతే మనకే నష్టం అని లెక్క వేసి చూపించాను. ఒప్పుకున్నాడు. ఎక్కువ తీసుకున్న డబ్బు ఆ సంఘానికి తర్వాతి పెట్టెలో తగ్గించాం.

ఆమె మళ్ళీ వచ్చినప్పుడు కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పి వాళ్ళ ఊరి పేరు చూపించాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. తర్వాత తల ఎత్తి అడిగింది: "మా ఊరు పక్కన తండా ఉన్నదక్కా. వాళ్ళది కూడ రాసినవా?"

రాయలేదు. ఆమె అక్కడ నిలబడి ఉండగానే రాశాను.